సుడో అంటే సూడు

“సూడు అంటున్నవు, ఏం సూడాలె బిడ్డా?”

సంక్రాంతికి వారం ముందు మా తెలుగు సార్ ఫోన్లో నన్ను అడిగిన మాట ఇది. నేను చెప్పింది ‘సుడో’, కంప్యూటర్‌కు ఇచ్చే ఒక కమాండ్‌లో మొదటి మాట. ఆయనకు వినపడింది ‘సూడు’. ఆయన నకిరేకల్‌లో తన ఇంట్లో, నేను నల్లగొండ రామగిరిలో నా కంప్యూటర్ రిపేరు షాపులో. రెండు చేతులూ కీబోర్డు మీద ఉండాలి కాబట్టి ఫోను స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచుకున్నారు. వెనకాల కుక్కర్ విజిల్ వేస్తోంది.

నవ్వు ఆపుకొని, “సూడు కాదు సార్. ఎస్, యు, డి, ఓ” అన్నాను.

“డీ నా, బీ నా? సరిగ్గ చెప్పు.”

“డి ఫర్ దేవరకొండ సార్.”

“ఆఁ, గట్ల చెప్పు.”

ఆ పూట మా ఇద్దరికీ ఒక అక్షరమాల కుదిరింది. బి భువనగిరి, డి దేవరకొండ, ఎం మిర్యాలగూడ, ఎన్ నల్లగొండ, పి పాలమూరు, టి తుంగతుర్తి. ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలు చెప్పి చూడండి, ఎమ్‌కూ ఎన్‌కూ తేడా తెలియదు. బి, డి, పి, టి నాలుగూ ఒకేలా వినపడతాయి. పైలట్లు వాడే ఆల్ఫా, బ్రావో పద్ధతి ఒకటుందని నాకు తెలుసు. నకిరేకల్‌లో బ్రావో కంటే భువనగిరి బాగా పనిచేస్తుంది.

సార్ జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. యమాతారాజభానసలగం నాకు నేర్పింది ఆయనే. ఇంట్లో కొడుకు వదిలేసి వెళ్లిన పాత లాప్‌టాప్ ఒకటి ఉంది. 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ప్రాసెసర్ కొంచెం కొత్తదై ఉండాలి. సార్ లాప్‌టాప్‌కు రెండూ లేవు. ఆ రెండు మూడు నెలలు నా షాపుకు ఇలాంటివే వచ్చాయి. కొత్తది కొనలేని వాళ్లకు, కొనాల్సిన అవసరం లేని వాళ్లకు, హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేసి విండోస్ బదులు ఉబుంటు 24.04 అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం ఎక్కించి ఇస్తున్నాను. సార్‌కూ అదే చేశాను.

ఆయనకు కావలసిన పని ఒక్కటే. ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లల చేత రాయించి, అచ్చు వేయించిన స్కూలు వార్షిక సంచికలు పదకొండు ఉన్నాయి. అన్నీ స్కాన్ చేయించి పెట్టుకున్నారు. ఆ బొమ్మల్లోంచి అక్షరాలు బయటికి తీసి, తప్పులు దిద్ది, ఇప్పుడు పిల్లల పెళ్లిళ్లు చేస్తున్న ఆ ‘పిల్లలకు’ పంపాలని కోరిక. దానికి టెసరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. 1980లలో హెచ్‌పీ కంపెనీలో పుట్టింది. 2005లో ఓపెన్ సోర్స్ అయింది, తర్వాత చాలా ఏళ్లు గూగుల్ అండతో పెరిగింది. తెలుగు చదవడం వచ్చు. కానీ దానికి సొంత విండో లేదు, బటన్లు లేవు. టెర్మినల్ అనే నల్ల తెర తెరిచి, కమాండ్ లైను, అంటే ఆదేశం, చేత్తో కొట్టాల్సిందే.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా తమ్ముడు ఆ సాయంత్రం షాపులోనే కూర్చున్నాడు. అరగంట నా ఫోను ముచ్చట విని, “అన్నా, ఆ పెద్దాయనను ఎందుకు సతాయిస్తవు? రిమోట్ తీసుకుని ఆయన కంప్యూటర్‌లో ఇక్కడి నుంచే నువ్వే కొట్టేస్తే రెండు నిమిషాల పని” అన్నాడు. మామూలు మనుషులకు టెర్మినల్ దేనికి, వాళ్లకు బటన్ చూపించాలి, అదీ రాకపోతే మనమే చేసి పెట్టాలి. వాడి లెక్క అది. కంప్యూటర్ తెలిసిన పదిమందిని అడిగితే తొమ్మిదిమంది ఇదే చెప్తారు.

నాకు మాత్రం, కంప్యూటర్ రాని మనిషికి దూరం నుంచి సాయం చేయాలంటే నల్ల తెర కంటే మంచి దారి లేదనిపిస్తుంది. పద్నాలుగేళ్లుగా షాపు నడుపుతూ, రోజుకు పది ఫోన్లు ఎత్తుతూ వచ్చిన అభిప్రాయం ఇది. మౌస్‌తో చేసే పనిని ఫోన్లో చెప్పడం ఎలా ఉంటుందో ఒకసారి వినండి.

“ఎడమ పక్కన తొమ్మిది చుక్కల బొమ్మ ఉందా?”

“లేదు.”

“ఉంటది, మంచిగ చూడండి.”

“నాకాడ చెత్తబుట్ట ఉన్నది.”

“దాని పక్కన?”

“పక్కన ఏం లేదు. ఆఁ, ఇప్పుడేదో వచ్చింది. పోయింది.”

“ఏం నొక్కిన్రు?”

“నేనేం ముట్టలే!”

‘నేనేం ముట్టలే’ అనేది నా షాపులో ఎక్కువసార్లు వినపడే వాక్యం. వాళ్లది అబద్ధం కాదు. ఏం ముట్టారో వాళ్లకు నిజంగానే తెలియదు. బటన్‌కు పేరుండదు, అది ఎక్కడుందో తప్ప ఇంకేం చెప్పలేం. ఆ ‘ఎక్కడ’ కూడా వెర్షన్ మారినప్పుడల్లా మారుతుంది. 2019లో కస్టమర్ల కోసం స్క్రీన్‌షాట్లు తీసి, ఎర్ర గుండ్రాలు చుట్టి ముప్పై పేజీల పీడీఎఫ్ ఒకటి చేశాను. రెండేళ్లలో అందులో సగం బొమ్మలు పనికిరాకుండా పోయాయి. ‘ఆప్ట్ ఇన్‌స్టాల్’ అనే, సాఫ్ట్‌వేర్ తెచ్చిపెట్టే మాట 2014లో వచ్చింది, ఈ రోజుకూ అదే. అంతకు ముందున్న ‘ఆప్ట్-గెట్’ కొట్టినా ఇప్పటికీ పలుకుతుంది. పైగా లైను అంటే అక్షరాలు. ఫోన్లో చదివి చెప్పొచ్చు, వాట్సాప్‌లో పంపొచ్చు, కాగితం మీద రాసి గోడకు అంటించొచ్చు. తేడా వస్తే తెర మీద వచ్చేదీ అక్షరాలే, అది చదివి వినిపించొచ్చు. ‘పోయింది’ అనే మాట రాదు.

సార్ దగ్గర నాకు ఇంకో సంగతి కూడా తెలిసింది. లైను మొత్తం కొట్టించాక, ఎంటర్ నొక్కే ముందు ఆయన ఆగారు. “ఆగు. దీని అర్థం చెప్పు. అర్థం చెప్పకుండ పద్యం వల్లె వేయించినట్టున్నది.” చెప్పాను. సుడో అంటే, ఈ పని ఇంటి యజమాని అధికారంతో చెయ్యి అని. ఆప్ట్ అంటే సామాన్లు తెచ్చే మనిషి. ఇన్‌స్టాల్ అంటే తెచ్చి పెట్టు. చివర ఉన్నవి సామాన్ల పేర్లు: టెసరాక్ట్-ఓసీఆర్ ఒకటి, టెసరాక్ట్-ఓసీఆర్-టెల్ అని తెలుగు కోసం ఇంకొకటి. ఆయన ఒక క్షణం మాట్లాడలేదు. తర్వాత, “అంటే ఆప్ట్ కర్త, ఇన్‌స్టాల్ క్రియ, ఈ రెండు పేర్లు కర్మ. క్రియ నడుమకు వచ్చింది, ఇంగ్లీషోని వాక్యం గదా” అన్నారు.

పద్నాలుగేళ్లలో ఇంజనీరింగ్ పిల్లలకు కూడా నేను ఇంత బాగా చెప్పలేదు. కంప్యూటర్ రాని మనిషి అంటే చదువు రాని మనిషి కాదు కదా. కమాండ్ ఒక వాక్యం. వాక్యాన్ని విడదీయడం సార్‌కు నాకంటే బాగా వచ్చు. ఆయనకు రానిది ఆ తెర మర్యాదలు మాత్రమే. అవి ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉంటాయి. వాటిని ముందే చెప్పకపోవడం మన తప్పు.

మొదటిది పాస్‌వర్డ్. సుడో కొట్టి ఎంటర్ నొక్కగానే పాస్‌వర్డ్ అడుగుతుంది. ఉబుంటు 24.04లో మీరు కొడుతుంటే తెర మీద ఏమీ కనిపించదు. ఏటీఎంలో కనీసం చుక్కలు పడతాయి, ఇక్కడ అవీ లేవు. పక్కన నిలబడ్డవాడికి అక్షరాలెన్నో కూడా తెలియకూడదని అలా పెట్టారు. 1980లో అమెరికాలోని బఫెలోలో, ఒక యూనివర్సిటీ కంప్యూటర్ విభాగంలో ఇద్దరు కలిసి రాసిన సుడో ఇన్నేళ్లూ ఈ మౌనంతోనే బతికింది. వాళ్ల పక్కన నిలబడేది తోటి ప్రోగ్రామర్లు. సార్ పక్కన ఉండేది కుక్కర్. “కీబోర్డు పోయింది బిడ్డా, ఒక్క అక్షరం పడ్తలేదు” అన్నారు. నా కస్టమర్లలో సగం మంది ఇక్కడే కంప్యూటర్ ఆఫ్ చేసేస్తారు. “కనపడదు సార్, కనపడకున్నా పడుతున్నది, కొట్టి ఎంటర్ నొక్కండి” అని ముందే ఒక్క ముక్క చెప్తే ఆ టెన్షన్ ఉండదు.

ఇంకొకటి మన తెలుగువాళ్లకే వచ్చే తిప్పలు. సార్ లాప్‌టాప్‌లో నేను తెలుగు టైపింగ్ పెట్టి ఇచ్చాను. అది ఆన్‌లో ఉండగా మొదటిసారి కొట్టినప్పుడు తెర మీద ‘సుదొ’ అని చక్కగా తెలుగులో పడింది, కింద ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అని జవాబు. “తెలుగు రాదంటున్నది నీ యంత్రం” అన్నారు సార్. నల్ల తెర దగ్గర ఇంగ్లీషు చిన్న అక్షరాలే కొట్టాలి. వాట్సాప్‌లో లైను పంపినా ఇలాంటి తంటాలే. ఫోను తనకు తోచి మొదటి అక్షరం పెద్దది చేస్తుంది, రెండు చిన్న గీతలు పక్కపక్కన పెడితే కలిపి ఒక పొడుగు గీత చేస్తుంది. లైనుకు రెండు చోట్ల నక్షత్రం గుర్తు (*) ఉంటే వాట్సాప్ దాన్ని మింగేసి నడుమ అక్షరాలు బొద్దుగా చూపిస్తుంది. చూడ్డానికి అదే లైను, నడిస్తే వేరు. అందుకే చిన్న లైను అయితే ఫోన్లో చెప్పి కొట్టిస్తాను. ఆలస్యమైనా సరే, కొట్టినవాడు చదివినవాడు అవుతాడు.

సార్ ఎంటర్ నొక్కాక ‘వెయిటింగ్ ఫర్ క్యాష్ లాక్’, అంటే తాళం కోసం ఆగుతున్నా, అని వచ్చింది. కంప్యూటర్ ఆన్ చేయగానే వెనకాల అప్‌డేట్లు దానంతట అవే నడుస్తుంటాయి. ఐకేపీ వడ్ల కొనుగోలు సెంటర్లో కాంటా ఒకటే ఉంటే ఒకరి బస్తాలయ్యాకే ఇంకొకరివి తూచినట్టు, ఆ పని అయ్యేదాకా మనం ఆగాలి. ఇంటర్నెట్‌లో వెతికితే ఆ తాళం ఫైలు డిలీట్ చేయమని సలహాలు దొరుకుతాయి. చేయొద్దు. “చాయ్ తాగి రండి సార్” అన్నాను. వచ్చేసరికి లైను కదిలింది.

అప్పుడు అసలు ప్రశ్న వస్తుంది: ఇవిగో ఇవన్నీ తెస్తున్నాను, సరేనా, వై ఆర్ ఎన్? ఆ ప్రశ్నకు పైన ఒక లెక్క ఉంటుంది. ఎన్ని కొత్తగా పెడుతుందో, ఎన్ని తీసేస్తుందో. నేను అందరికీ చెప్పేది ఈ ఒక్కటే. ‘టు రిమూవ్’ ముందు అంకె చదవండి. సున్నా ఉంటే ఎంటర్. సున్నా కాకపోతే ఎన్ కొట్టి నాకు ఫోన్ చేయండి.

ఈ నియమం నాకు పుస్తకంలో దొరకలేదు. దేవరకొండలో జిరాక్స్ షాపు నడిపే ఒక అక్క దగ్గర దొరికింది, నా పరువు తీసి. వాళ్లబ్బాయి డిప్లొమా ప్రాజెక్టుకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కొత్త వెర్షన్ కావాలన్నాడు. పాతది తీసి కొత్తది వేద్దామని ఫోన్లోనే చెప్పాను. నిజానికి పాతదాన్ని ముట్టకుండా పక్కన కొత్తది పెట్టుకోవచ్చు. ఉబుంటు డెస్క్‌టాప్‌లో సగం పనిముట్లు ఆ పాత పైథాన్ మీదే నిలబడి ఉంటాయి. దాన్ని లాగితే అవన్నీ దానితో పాటే వస్తాయి. నాకు తెలియక కాదు, షాపులో ముగ్గురు నిలబడి ఉన్నారు, తొందర. అక్క పాపం చెప్పింది కూడా: “తమ్ముడూ, మస్తు పేర్లొస్తున్నయి, కింద మీద నిండిపోయింది.” “వస్తయి అక్కా, వై కొట్టి ఎంటర్ నొక్కు” అన్నాను. నొక్కింది. తెల్లారి ఆన్ చేస్తే డెస్క్‌టాప్ లేదు, నల్ల తెర మీద లాగిన్ అని ఒక్క మాట. అది హాల్ టికెట్ల సీజన్. పిల్లలు బయట వరుసలో ఉన్నారు. పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని కొండమల్లేపల్లి మీదుగా పోయే బస్సెక్కాను. ఆమె ఫైళ్లన్నీ భద్రంగానే ఉన్నాయి, మధ్యాహ్నానికి మళ్లీ ఎక్కించాను. కానీ ఆ పూట ఆమెకు పోయిన బేరం నేను కట్టివ్వలేదు, ఆమె అడగనూ లేదు. ఇప్పటికీ ఎక్కడ కలిసినా “తమ్ముడూ, వై కొట్టమంటవా?” అంటుంది.

మా తమ్ముడు ఈ కథనే నా మీద వాడాడు. “చూశావా, అందుకే వాళ్లకు కమాండ్లు ఇవ్వొద్దు.” ఆ రోజు చదివింది అక్క, చదవొద్దని తోసింది నేను. నేనే రిమోట్‌లో కూర్చుని ఉంటే ఆ ‘మస్తు పేర్లు’ అనే మాట కూడా ఎవరూ అనేవాళ్లు కాదు. ఇంకా వేగంగా వై కొట్టేవాణ్ని.

నల్ల తెర అంటే ప్రమాదం, బటన్ అంటే భద్రం అనేది కూడా నేను ఒప్పుకోను. గద్వాల నడిగడ్డలో సీడ్ పత్తి పండిస్తారు, పాలమూరు రైతులకు విత్తనాల సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. సీలు, ట్యాగు ఉన్న ప్యాకెట్ వేరు, సంచిలోంచి దోసిట పోసే లూజు విత్తనం వేరు. లూజు గింజ చేతిలో పట్టుకుంటే ఇంకా నిగనిగలాడుతుంది కూడా. ఆప్ట్ తెచ్చే ప్రతి మూటకూ వెనక డిజిటల్ సంతకం తనిఖీ ఉంటుంది, తేడా వస్తే ఎక్కనివ్వదు. విండోస్‌లో 2021 నుంచి ఆప్ట్ లాంటిదే వింగెట్ ఉంది, అది కూడా దించిన ఫైలు అసలుదేనా అని దాని గుర్తుతో సరిచూస్తుంది. మరి మనవాళ్లు ఏం చేస్తున్నారు? సాఫ్ట్‌వేర్ పేరు గూగుల్‌లో కొట్టి, పైనున్న ప్రకటన నొక్కి, పచ్చగా మెరిసే డౌన్‌లోడ్ బటన్ నొక్కుతున్నారు. వీడియో ప్లేయర్ కోసం వెళ్లి మూడు టూల్‌బార్లు, ఒక నకిలీ యాంటీవైరస్ తెచ్చుకున్న లాప్‌టాప్‌లు నెలకు నాలుగైదు నా బల్ల మీదికి వస్తాయి. అన్నీ బటన్ నొక్కి తెచ్చుకున్నవే.

అలాగని ఎవరు ఏ లైను ఇచ్చినా కొట్టమని కాదు. 2024 నుంచి ఒక మోసం బాగా నడుస్తోంది. ఏదో వెబ్‌సైట్ తెరిస్తే, మీరు మనిషేనని నిరూపించుకోండి అంటుంది. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కమంటుంది, తర్వాత కంట్రోల్ వి, తర్వాత ఎంటర్. మీకు తెలియకుండా అది కాపీ చేసి పెట్టిన లైనును మీ చేతే పేస్ట్ చేయించి, మీ చేతే నడిపిస్తుంది. పాస్‌వర్డ్‌లు దోచే ప్రోగ్రాం దిగుతుంది. నా షాపుకు ఒక అబ్బాయి వచ్చాడు, మెయిల్ పోయింది, దానితో కట్టిన అకౌంట్లన్నీ పోయాయి. “ఏం పేస్ట్ చేసినవ్ రా?” అంటే, “చదవలే అన్నా, నొక్కమంటే నొక్కిన” అన్నాడు. నేను దేవరకొండ అక్కతో అన్న మాటకూ ఈ మోసగాళ్లు చెప్పే మాటకూ తేడా ఎంత? చదవకు, నొక్కు.

రిమోట్ సంగతీ ఇదే. బ్యాంకు నుంచి అని, కరెంటు బిల్లు అని ఫోన్ చేసి స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించేవాళ్ల గురించి అందరికీ తెలుసు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలని కూడా తెలుసు. కానీ తెర మీద బాణం గుర్తు దానంతట అది తిరుగుతుంటే చేతులు కట్టుకుని చూడటం మామూలే అని మన పెద్దవాళ్లకు అలవాటు చేసింది ఎవరు? మనమే. ప్రేమతో. రెండు నిమిషాల పని అని.

అందరికీ టెర్మినల్ నేర్పాలని నేనేమీ ఉద్యమం చేయడం లేదు. మా ఇంట్లో మా అమ్మ ఫోన్లో పాటలు పెట్టుకుంటుంది, ఆమెకు ఇదంతా దేనికి? వద్దన్నవాళ్లకు వద్దు. ఇంటర్నెట్ నుంచి స్క్రిప్టు దించి నేరుగా సుడోతో నడిపించే పొడుగు లైన్లు నేను ఎవరికీ ఇవ్వను, నాకే మొత్తం అర్థం కానిది ఇంకొకరి చేత ఎలా కొట్టించాలి? ఇచ్చే లైను ఏదైనా, కింద తెలుగులో ఒక్క వాక్యం రాస్తాను, ఇది ఏం చేస్తుందో. రాయలేకపోతే పంపను.

సార్ దగ్గర టెసరాక్ట్ ఎక్కడానికి ఆ రోజు యాభై నిమిషాలు పట్టింది. అందులో చాయ్ పది. మరుసటి రోజు పేజీలు చదివించే లైను చెప్పాను. టెసరాక్ట్, పేజీ ఫైలు పేరు, ఫలితం పేరు, తర్వాత చిన్న గీత ఎల్, టెల్. పై బాణం బటన్ నొక్కితే పాత లైను మళ్లీ వస్తుందని, అందులో అంకె మార్చుకుంటే చాలని చెప్పినప్పుడు ఆయన సంతోషం చూడాలి. “ఏకసంథాగ్రాహి” అన్నారు కంప్యూటర్‌ను. పదకొండు సంచికలకూ కలిపి ఒక్క దెబ్బకు చేసే చిన్న ప్రోగ్రాం రాసిస్తానన్నాను. వద్దన్నారు. ఒక్కో పేజీ రావాలి, వచ్చింది వచ్చినట్టు చదువుకోవాలి అని.

మొన్న ఫోన్ వచ్చింది. తప్పుల గురించి. అచ్చు మసకగా ఉన్నచోట మ బదులు వ, ఒత్తు ఉన్నచోట ఏదో గీత. స్కాన్ 300 డీపీఐకి, అంటే అంగుళానికి 300 చుక్కలకు, తగ్గకుండా ఉండాలని చెప్పాను. అది ఆయనకు ముందే తెలుసు, మళ్లీ స్కాన్ చేయించారట. అయినా తప్పులు మిగిలాయి.

“దీనికి కమాండ్ ఏంది?”

“తప్పులు దిద్దడానికి కమాండ్ లేదు సార్.”

“లేదా? మంచిదే. ఎర్ర పెన్ను తీస్త” అని ఫోన్ పెట్టేశారు.